గడియారాలాయన మూత తీసిన గుడ్డు

ఆగిపోయిన వస్తువు కంటబడితే చాలు, గడియారాలాయన చేతులు ఊరుకోవు. అది ఆయన గుణం, ఆయన జబ్బు, ఆయన బతుకుతెరువు కూడా. ఒకసారి బ్యాంకులో తన వంతు కోసం కూర్చున్నవాడు, గోడ గడియారం ఆగి ఉందని బెంచీ ఎక్కి దాన్ని దించేశాడు. కాపలావాడు పరుగెత్తుకొచ్చేసరికి గడియారం వెనక మూత ఊడి ఆయన ఒళ్లో ఉంది. చుట్టాలింటికి వెళ్తే మంచినీళ్లు ఇచ్చేలోపు వాళ్ల మిక్సీ విప్పేస్తాడు. బాగుచెయ్యకుండా వదిలిన వస్తువు మాత్రం లేదు, ఆ మాట చెప్పుకోవాలి. కానీ అడిగి విప్పిన వస్తువు కూడా లేదు.

ఆయన దుకాణం వీధి మలుపులో, జెరాక్స్ షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. గాజు అరలో నలభై వాచీలు నలభై రకాల టైము చూపిస్తుంటాయి. అదేంటని ఎవరైనా అడిగితే, "అవి ఆస్పత్రిలో ఉన్నాయి, వాటికి టైముతో పనేముంది" అంటాడు. మరలు కిందికి దొర్లిపోకుండా అంచులు కట్టిన చిన్న బల్ల, కంటికి తగిలించుకునే భూతద్దం, సూదుల్లాంటి పటకార్లు, మూతలున్న చిన్న చిన్న డబ్బాలు. అరవై ఏళ్లు దాటినా చెయ్యి వణకదు.

వాచీ ఇస్తే ముందు చెవి దగ్గర పెట్టుకుంటాడు. తర్వాత అడిగేది ఒక్కటే. "ఆగిందా, నడుస్తూ తప్పుతోందా?" ఆగిందని చెబితే ఇక మాటల్లేవు, మూత తియ్యడమే. ఆగినదాన్ని అలాగే వదిలేస్తే లోపల నూనె గడ్డకడుతుంది, ఎంత త్వరగా తీస్తే అంత మంచిది. పెదనాన్న దగ్గర పనిలో చేరినప్పుడు మొట్టమొదట ఒంటబట్టిన పాఠం అది. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ పాఠం ఆయన్ని ముంచలేదు. ముంచింది ఒక శుక్రవారం సాయంత్రం, ఒక కోడిగుడ్డు దగ్గర.

ఆయన భార్యని వీధిలో అందరూ కోళ్లావిడ అంటారు. డాబా మీద నాలుగైదు కోళ్లు పెంచుతుంది. వాటి గూటి దరిదాపులకి ఆయన్ని రానివ్వదు. ఎందుకంటే ఓసారి గూటి గొళ్లెం బిగుసుకుపోయిందని బాగుచెయ్యడానికి వెళ్లి మొత్తం తలుపే ఊడదీసి పక్కన పెట్టాడు. ఆ పూట వీధి వీధంతా కోళ్ల వెనక పరుగెత్తింది. ఒక కోడి చెప్పుల షాపులో దూరి పెట్టెల మధ్య గుడ్డు కూడా పెట్టింది.

ఆ కోళ్లలో బొగ్గు అనే నల్లకోడి ఉండేది. ఆరేళ్లు పెంచింది కోళ్లావిడ దాన్ని. మధ్యాహ్నం పూట ఆవిడ వంటగది గడప మీద కూర్చుని కూరగాయలు తరుగుతుంటే అది మెట్లన్నీ దిగివచ్చి పక్కన కూర్చునేది. ఏదో సణుగుతూ ఉండేది. ఆవిడా ఏదో చెబుతూ ఉండేది. ఇద్దరికీ ఎదుటివాళ్ల మాటతో పనిలేదు. గుడ్లు పొదగడానికి కూర్చున్న రెండోవారంలో అది మేతకని లేచి కిందికొచ్చింది. అదే సమయానికి వీధికుక్క గేటు సందులోంచి దూరింది. అంతే.

ఆవిడ ఏడవలేదు. ఆయన్ని భయపెట్టింది అదే. ఆవిడ కోపం ఆయనకి అలవాటే, కోపమొస్తే ఇల్లు ఎగిరిపోతుంది, గంటకల్లా చల్లబడుతుంది. ఇప్పుడు మాత్రం ఆవిడ ఈకలు ఊడ్చింది, మెట్లు కడిగింది, గూట్లో ఉన్న ఏడు గుడ్లూ తెచ్చి అట్టపెట్టెలో పెట్టింది. పైన బల్బు, పక్కన థర్మామీటరు, మూల ఒక గిన్నెలో నీళ్లు. రోజుకి మూడుసార్లు గుడ్లు తిప్పేది. కానీ మాట తగ్గిపోయింది. అడిగితే జవాబు చెప్పేది, అడక్కపోతే లేదు. ఇంట్లో అంత నిశ్శబ్దం ఆయనెప్పుడూ ఎరగడు.

నాలుగు రోజుల తర్వాత టార్చి వెలుగులో గుడ్లు చూసింది. ఆరింటిలో కదలిక లేదు. ఒక్కదాన్లో మాత్రం ఎర్రటి నరాలు, మధ్యలో నల్లటి మచ్చ, ఆ మచ్చ అటూ ఇటూ మెసిలింది. బొగ్గు తాలూకు మిగిలింది అదొక్కటే.

పిల్ల రేపో మాపో బయటికి రావాలనగా, శుక్రవారం తెల్లవారేసరికి ఆవిడ చెల్లెలి ఇంటినుంచి ఫోను. స్నానాల గదిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుందట. వెళ్లక తప్పదు. ఆదివారం సాయంత్రం బస్సుకి వచ్చేస్తానంది. బ్యాగు సర్దుకుని ఆయన్ని పెట్టె ముందు నిలబెట్టింది.

"ఏవండీ, ఇటు చూడండి. గుడ్డు తిప్పొద్దు. పెట్టె తెరవొద్దు. గిన్నెలో నీళ్లున్నాయో లేదో ఈ కన్నంలోంచి చూడండి, అంతే. రావాలంటే అదే వస్తుంది. మీ చెయ్యి మాత్రం పడకూడదు."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

"చిన్నపిల్లాడైతే భయం ఉండేది కాదు. మీ దగ్గర పనిముట్లుంటాయి."

ఆయన నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఆవిడ నోట ఎత్తిపొడుపు విన్నాడు మరి. బస్సు దాకా వెళ్లి ఎక్కించి వచ్చాడు. దారంతా హుషారే. పిల్ల బయటికొస్తే ఈవిడ మళ్లీ మామూలు మనిషవుతుందని నమ్మకం కుదిరింది.

పదకొండు గంటలకి ఇంటికొచ్చి కన్నంలోంచి చూస్తే గుడ్డుకి చిల్లు పడి ఉంది. కందిగింజంత. ఆ చిల్లులోంచి ముక్కు కొన ఒకటి అలా బయటికొచ్చి ఇలా లోపలికి పోయింది. ఆయన పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇంకోసారి కదిలింది. ఆయన ఒళ్లు జలదరించింది. దుకాణం సంగతే మర్చిపోయాడు. ఇంట్లో ఉంచుకునే పనిముట్ల డబ్బాలోంచి భూతద్దం తెచ్చుకుని కంటికి తగిలించుకున్నాడు. చేతి వాచీ విప్పి ఎదురుగా పెట్టుకున్నాడు, ఎంతసేపట్లో ఎంత పగులుతుందో లెక్క తేలాలిగా.

పన్నెండైంది. ఒంటిగంట. చిల్లు అంతే ఉంది. రెండింటికి లోపల ఏదో సణిగినట్టు చిన్న చప్పుడు. మూడింటికి అదీ లేదు. నాలుగు గంటలకి ముక్కు కూడా కదలడం లేదు. ఆయన లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. పెట్టె చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. భార్య మాట చెవిలో గింగురుమంటూనే ఉంది. కానీ కళ్లెదుట ఒక వస్తువు ఆగిపోయి ఉంది. నడుస్తూ నడుస్తూ ఆగింది. ఇంకా ఆలస్యం చేస్తే లోపలే గడ్డకట్టిపోతుంది. ఇక్కడ ఈయన కూర్చుని చూస్తూ ఉండాలా? ఆ ఒక్కటీ పోతే ఆవిడకి ఏం మొహం చూపిస్తాడు?

అయిదు గంటలకి పెట్టె తెరిచాడు.

ఆ పని ఎంత ఒడుపుగా చేశాడో చెబితే మీకూ ముచ్చటేస్తుంది. పటకారు వేడినీళ్లలో కడిగాడు. చిల్లు అంచున మొదటి పెంకు ముక్క ఎత్తాడు, బియ్యపుగింజలో సగం ఉంటుంది. రెండోది. మూడోదానితో పాటు లోపలి తెల్లటి పొర కూడా రవ్వంత చిరిగింది. ఆ చిరుగులోంచి ఎర్రటి చుక్క ఉబికింది. ఆయన చూస్తుండగానే చుక్క పెద్దదై పెంకు మీదికి జారింది.

నలభై ఏళ్లలో ఎన్ని వేల మూతలు తీశాడో, ఒక్కదాన్లోంచీ రక్తం రాలేదు. పటకారు అక్కడే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు.

రెండు వీధుల అవతల ఫారమాయన ఉంటాడు. కోళ్లఫారంలో, గుడ్లు పొదిగించే గదిలో ముప్పై ఏళ్లు పనిచేసి ఇంటిపట్టున ఉంటున్నాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఇద్దరూ బావా బావా అనుకుంటారు. ఈయన వెళ్లేసరికి ఆయన వాకిట్లో స్కూటరు కడుగుతున్నాడు.

"బావా, రా. తొందరగా రా. గుడ్డులోంచి రక్తం."

ఫారమాయన గొట్టం కట్టేశాడు. వివరం అడక్కముందే కథంతా అర్థమైపోయింది, మనిషిని ఎరిగినవాడు కదా.

"చిల్లు పడి ఎంతసేపైంది?"

"ఆరుగంటలు. తర్వాత ఆగిపోయింది బావా. కదల్లేదు. అందుకని..."

"అందుకని మూత తీశావు."

ఈయన తల దించుకున్నాడు.

"అది ఆగలేదయ్యా. అలిసి పడుకుంది. పడుకుని లోపల మిగిలిన పచ్చసొనంతా కడుపులోకి లాక్కుంటోంది. పొరలో ఉన్న రక్తమంతా ఒంట్లోకి తీసుకుంటోంది. పొద్దున చిల్లు వేసింది మర్నాడు పొద్దుటిదాకా రాకపోయినా రాకపోవచ్చు. మా ఫారంలో కొత్తగా చేరినవాళ్లకి మొదట నేర్పేది అదే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమని."

బాగున్నదాన్ని తానే చెడగొట్టాడు. ఒకరు నమ్మి అప్పగించిన దాన్ని, అదీ ముట్టుకోవద్దని చెప్పి మరీ వెళ్లిన దాన్ని.

ఇద్దరూ గబగబా ఇంటికొచ్చారు. ఫారమాయన వంగి చూసి, "అదృష్టవంతుడివి, ఆగింది రక్తం" అన్నాడు. మెత్తటి గుడ్డ గోరువెచ్చటి నీళ్లలో తడిపి, ముక్కు మాత్రం వదిలేసి చిరుగు చుట్టూ కప్పాడు. గిన్నెలో నీళ్లు నింపి పెట్టె మూత వేశాడు.

"ఇక నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు గడియారాలాయన. చొక్కా చేతులు అప్పటికే పైకి మడిచాడు.

"ఏమీ చెయ్యకూడదు."

"అంటే?"

"అంటే ఏమీ చెయ్యకూడదు. ఆ పొర ఆరకుండా గంటకోసారి గుడ్డ తడుపు. అంతకుమించి వేలు పెట్టావంటే మాత్రం నేను పలకను."

గడియారాలాయన లోపలికి వెళ్లి పనిముట్ల డబ్బా తెచ్చాడు. పటకార్లు, సూదులు, భూతద్దం అన్నీ అందులో సర్దాడు. ఫారమాయన చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గరుంచు బావా. పిల్ల బయటికొచ్చేదాకా నేనడిగినా ఇవ్వొద్దు" అన్నాడు. పెదనాన్న చేతుల మీదుగా వచ్చిన డబ్బా అది. ఇంకొకరిని ముట్టుకోనివ్వడని వీధికంతా తెలుసు. ఫారమాయన మారుమాట లేకుండా చంకలో పెట్టుకుని వెళ్లాడు.

ఆ రాత్రి సంగతి చెప్పడానికేమీ లేదు. గంటకోసారి గుడ్డ తడపడం తప్ప ఆయన ఏమీ చెయ్యలేదు. ఏమీ చెయ్యకుండా ఉండటం ఎంత చాకిరీయో తెల్లారేసరికి తెలిసొచ్చింది.

శనివారం ఉదయం ఏడూ పదికి గుడ్డు ఒక్కసారి అదిరింది. పెంకు చుట్టూ టపటపా పగులు పాకింది. ఆయన రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని, "కానీ తల్లీ, కానీ, ఇంకొంచెం" అంటూ పెట్టె ముందు ఊగిపోతున్నాడు. ఒక తోపు. ఆగింది. ఆయన ఊపిరి ఆగింది. ఇంకో తోపు. పెంకు రెండుగా విచ్చుకుని తడితడిగా, నల్లగా, బొటనవేలంత ప్రాణి బయటికి జారింది.

సంబరం అరనిమిషం కూడా నిలవలేదు. పిల్ల పక్కకి ఒరిగి పడిపోయింది. అరవడం లేదు. పొట్ట కింద బొడ్డు దగ్గర పచ్చసొన ముద్ద శనగగింజంత ఇంకా బయటే ఉంది. లోపలికి పోవలసింది పోలేదు. చిల్లు పడ్డ ఆరుగంటలకే మూత తీసిన ఫలితం కళ్లెదుట కనిపిస్తోంది.

ఫోను చేస్తే ఫారమాయన రెక్కలు కట్టుకుని వచ్చాడు. దూదితో బొడ్డు మీద అయోడిన్ అద్దాడు. టీ కప్పులో తడిగుడ్డ పరిచి, పిల్ల అటూ ఇటూ దొర్లకుండా అందులో కూర్చోబెట్టాడు. కప్పుని పెట్టెలో బల్బు కింద పెట్టాడు.

"బతుకుతుందా బావా?"

"చెప్పలేను. ఫారంలో అయితే ఇలాంటిదాన్ని లెక్కలోకి తీసుకోం. వేడి తగ్గకూడదు, అది ముఖ్యం. ఇంకోటి, మాట్లాడుతూ ఉండు."

"దేనితో?"

"దాంతోనే. తల్లికోడి గుడ్డులో ఉన్నప్పట్నించే పిల్లలతో మాట్లాడుతుంది. గొంతు వినిపిస్తూ ఉంటే దానికి ధైర్యం."

కోడిపిల్లతో ఏం మాట్లాడతారు? ఆయనకి తెలిసిందల్లా ఒకటే. అందుకని వాచీలో ఏమేం ఉంటాయో చెప్పడం మొదలుపెట్టాడు. "ఇదిగో చూడు, మొదట స్ప్రింగు. దానికి తాళం తిప్పితే చక్రం తిరుగుతుంది. అది ఇంకో చక్రాన్ని తిప్పుతుంది." పిల్ల కళ్లు మూసుకుని వింటోంది. పెద్దచక్రం, చిన్నచక్రం అయిపోయాయి. మరల గురించి చెప్పేసరికి గొంతు పోయింది, మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాడు. నలభై ఏళ్లలో ఇంత ఓపిగ్గా విన్నవాళ్లు లేరు పాపం.

పదకొండున్నరకి కరెంటు పోయింది.

పెట్టెలో బల్బు ఆరిపోయింది. థర్మామీటరులో గీత చూస్తుండగానే దిగడం మొదలైంది. ఫారమాయనకి ఫోను చేస్తే ఎత్తలేదు. పిల్లని కప్పులోంచి తీసి అరచేతిలో పెట్టుకుని, చొక్కా గుండీలు విప్పి, ఛాతీకి ఆనించుకున్నాడు. ఆ వేడి చాలుతుందా? చాలదనిపించింది. బీరువా తలుపు లాగి చలికోటు తీశాడు. దాని మీద దుప్పటి కప్పుకున్నాడు. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ మండిపోతోంది. వెళ్లి వీధి గుమ్మంలో, ఎండ నేరుగా పడే మెట్టు మీద కూర్చున్నాడు.

ఊహించుకోండి. జనం గొడుగులేసుకుని నీడ వెతుక్కుంటూ పోతుంటే, ఈయన కోటు వేసుకుని, దుప్పటి కప్పుకుని, ఎండలో కూర్చుని, తన ఛాతీలోకి తల వంచి పళ్లచక్రాల గురించి మాట్లాడుతున్నాడు. జెరాక్స్ షాపమ్మాయి దారిన పోతూ ఆగింది.

"బాబాయ్, జ్వరమా? డాక్టర్ని పిలవనా?"

"జ్వరం లేదు, పిల్ల ఉంది. నువ్వు అడ్డు లే, ఎండ రావడం లేదు."

ఆ అమ్మాయి రెండడుగులు పక్కకి జరిగింది కానీ, చాలాసేపు వెనక్కి చూసుకుంటూ వెళ్లింది.

అలా కూర్చున్నప్పుడు ఆయన చూపుడువేలు పిల్ల రొమ్ము మీద ఆనింది. వేలికి ఏదో తగిలింది. ఆయన మాట ఆపేసి కళ్లు మూసుకున్నాడు. టకటకటకటక. ఆ నడక ఆయనకి తెలుసు. తాళం తిప్పే పాతకాలపు చేతి వాచీ నడక అది. సెకనుకి అయిదు, నిమిషానికి మూడొందలు. లక్షసార్లు చెవి ఆనించి విన్న నడక. అంత చిన్న గుండె అచ్చం అలా కొట్టుకుంటోంది. ఆయనకి ఒళ్లంతా పులకరించింది.

ఆ తర్వాతే తెలిసింది, నడక తప్పుతోంది. అయిదు కొట్టాల్సినచోట నాలుగున్నర. కాసేపటికి నాలుగు. ఇంకెవరైనా అయితే కనిపెట్టలేరు, ఈయన వేలు కనిపెట్టింది. వాచీ అయితే ఏం చెయ్యాలో తెలుసు, ఇక్కడ విప్పడానికి ఏమీ లేదు. దుప్పటి ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. నోరు చొక్కాలో పెట్టి వెచ్చటి ఊపిరి వదిలాడు. మళ్లీ వదిలాడు. చెమట ధారలు కట్టి కళ్లలోకి పోతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. "ఆగకే తల్లీ. నేనే కంగారు పడ్డాను. తప్పు నాది, నువ్వు ఆగకు" అని గొణుగుతున్నాడు. నాలుగు. నాలుగు. అదే నాలుగు మీద ఎంతసేపు ఉందో ఆయనకే తెలియదు. తర్వాత నాలుగున్నర అనిపించింది. తన ఆశేమో అనుకున్నాడు. మళ్లీ లెక్కపెట్టాడు. కాదు, నిజంగానే నాలుగున్నర. అయిదు.

సరిగ్గా అప్పుడు చొక్కా లోపలినుంచి "కీక్" అని వినిపించింది.

మొదటిసారి నోరు విప్పింది. ఆయన ఎండలో, కోటులో, దుప్పటిలో కూర్చుని పగలబడి నవ్వాడు. వీధిలో వాళ్లు జ్వరం తలకెక్కిందనే ఖాయం చేసుకున్నారు. కరెంటు వచ్చిన సంగతి కూడా ఆయనకి పావుగంట దాకా తెలియలేదు.

సాయంత్రానికి సొనముద్ద లోపలికి పోయి బొడ్డు మూసుకుంది. చక్కెర నీళ్లు అగ్గిపుల్ల కొనతో ముక్కు పక్కన అద్దితే చప్పరించింది. అప్పుడే భార్య ఫోను చేసింది.

"ఏవండీ, గుడ్డు ఎలా ఉంది?"

"ఉంది... పిల్ల వచ్చింది."

"వచ్చిందా. నల్లదేనా?" అంది. ఆ గొంతులో ఉన్న ఆశ విని ఆయనకి నిజం చెప్పే ధైర్యం చాల్లేదు. "నల్లదే. బాగానే ఉంది" అని పెట్టేశాడు.

బాగానే ఏముంది? ఒళ్లు ఆరి బూరు విచ్చుకున్నాక తెలిసింది, పిల్ల నిలబడలేకపోతోంది. రెండు కాళ్లూ చెరోపక్కకి జారిపోతున్నాయి. ఫారమాయన వచ్చి చూసి, కింద పరిచిన న్యూస్‌పేపరు నున్నగా ఉందని తీయించి గరుకు తువ్వాలు వేయించాడు. రెండు కాళ్లకీ కలిపి సన్నటి ప్లాస్టరు పట్టీ చుడితే దగ్గరికొస్తాయన్నాడు. పనిముట్ల డబ్బా తిరిగి చేతికిచ్చి, "ఇప్పుడు నీ పని. నా చేతులు మొరటువి" అన్నాడు.

గడియారాలాయన భూతద్దం పెట్టుకున్నాడు. వాచీ పట్టీ కత్తిరించే కత్తెరతో దారమంత పట్టీ కోశాడు. కాలికీ కాలికీ మధ్య ఎంత ఉండాలో రెండుసార్లు కొలిచాడు. బిగువూ కాకుండా, వదులూ కాకుండా చుట్టాడు. పని పూర్తయ్యాక చూసుకుంటే చొక్కా వెన్నంతా తడిసిపోయింది.

ఆదివారం దుకాణం తెరవలేదు. పిల్ల లేవడం, పడటం, లేవడం, పడటం. ప్రతిసారీ ఆయన నేలమీద బోర్లా పడుకుని, "శభాష్, మళ్లీ లే" అంటున్నాడు. పదిహేడుసార్లు పడింది. పద్దెనిమిదోసారి ఊగింది, ఊగింది, నిలబడింది. నిలబడి ఆయన ముక్కు కేసి చూసింది. ఓ అడుగు వేసి ఆ ముక్కుని పొడిచింది. ఆయన ఫారమాయనకి ఫోను చేసి, "పొడిచింది బావా, పొడిచింది" అని అరిచాడు. ఫారమాయన భోజనం మధ్యలో లేచి వచ్చాడు చూడ్డానికి.

బస్సు అయిదింటికి. ఆయన చక్కగా పథకం వేసుకున్నాడు. పెంకులు పారేశాడు. పిల్ల దానంతటదే వచ్చింది, కాళ్లే కాస్త బలహీనంగా ఉన్నాయి, అంతే చెప్పాలి. అబద్ధం చెప్పడం కాదది, కొంచెం తక్కువ చెప్పడం. ఆవిడ మళ్లీ మాట మానేస్తే భరించే ఓపిక తనకి లేదు.

ఆవిడ వచ్చింది. బ్యాగు గుమ్మంలోనే వదిలేసి, కాళ్లు కూడా కడుక్కోకుండా నేరుగా పెట్టె దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. నల్లగా, గుండ్రంగా, కాళ్లకి పట్టీతో పిల్ల నిలబడి ఉంది. ఆవిడ మొహం విప్పారింది. నెమ్మదిగా చెయ్యి చాపింది. పిల్ల వెనక్కి నడిచింది. ఇంకా చాపింది. పిల్ల మూలకి పోయి కీకీమని గోల పెట్టింది.

"కొత్త కదా" అంది ఆవిడ. "ఏంటండీ, అలా నిలబడిపోయారు, మాట్లాడరేం?"

ఆయన పెదవులు బిగించుకుని ఉన్నాడు. మాట్లాడితే ఏమవుతుందో ఆయనకి తెలుసు.

"మిమ్మల్నే."

"ఏం లేదు" అన్నాడు.

ఆ రెండు ముక్కలు చాలు. పిల్ల గోల ఆపేసి గిరుక్కున తిరిగింది. పట్టీ కాళ్లతో గెంతుకుంటూ పెట్టె అంచు దాకా వచ్చి, ఎగరబోయి పడి, లేచి, మళ్లీ ఎగిరి అంచు మీంచి ఆవిడ ఒళ్లో పడింది. అక్కడ ఆగలేదు. ఆవిడ చీర మీంచి దొర్లి, నేలమీద పడుతూ లేస్తూ వెళ్లి ఆయన పాదం ఎక్కి కూర్చుంది. కూర్చుని ఊరుకుంది.

ఆవిడ పిల్లని చూసింది, ఆయన్ని చూసింది. మాట్లాడలేదు. ఆయన దేనికి భయపడ్డాడో ఆ నిశ్శబ్దమే గదిలోకి వచ్చింది.

"నేనే తీశాను" అన్నాడు ఆయన. "ఆగిపోయిందనుకున్నాను. రక్తం వచ్చింది. చచ్చిపోయేదే. నావల్లే."

ఆవిడ లేవలేదు, తిట్టలేదు. నేలమీద అలాగే జరుగుతూ ఆయన పాదం దగ్గరికొచ్చింది.

"కదలకండి" అంది. "కింద కూర్చోండి, మెల్లిగా. చెయ్యి పెట్టండి దానికి."

ఆయన కూర్చుని అరచెయ్యి చాపాడు. పిల్ల ఎక్కింది. ఆవిడ తన అరచెయ్యి ఆయన చేతికి ఆనించి పెట్టింది. "మాట్లాడుతూ ఉండండి" అంది. ఏం మాట్లాడాలో తెలియక ఆయన, "ఇది అమ్మ చెయ్యే, భయం లేదు, వెళ్లు" అన్నాడు. పిల్ల ఆ వేలూ ఈ వేలూ పొడిచి చూసింది. ఓ కాలు అటు వేసింది. పట్టీ ఉంది కాబట్టి రెండోదీ వెయ్యక తప్పలేదు. ఆవిడ చేతిలోకి వచ్చి, చుట్టూ తిరిగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులో తల దూర్చి కళ్లు మూసుకుంది.

"బొగ్గు ఇలాగే దూర్చేది" అంది ఆవిడ. "దాని చిన్నప్పుడు. ఇక్కడే, ఈ వేలి సందులోనే."

బొగ్గు పోయిన ఇన్ని రోజుల్లో రానిదంతా ఇప్పుడు వచ్చింది. చెయ్యి కదిలితే పిల్ల లేస్తుందని ఆ చెయ్యి మాత్రం కదపకుండా, ఒళ్లంతా ఊగిపోతూ ఏడ్చింది. ఆయన కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. మాట ఆగిపోయింది. మాట ఆగేసరికి పిల్ల వేలి సందులోంచి తల తీసి కీక్‌మంది.

"ఆపకండి" అంది ఆవిడ ఏడుపు మధ్యలోనే. "లేస్తోంది. ఏదో ఒకటి చెప్పండి."

ఆయన శుక్రవారం పదకొండు గంటల దగ్గర మొదలుపెట్టాడు. చిల్లు ఎంతుందో, తాను పెట్టె చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో, మూడో పెంకు ముక్క ఎలా ఎత్తాడో, ఏదీ తగ్గించకుండా, మెల్లటి గొంతుతో చెప్పుకుంటూ పోయాడు. పిల్ల మళ్లీ తల దూర్చుకుంది. ఆవిడ ఏడుస్తూనే అంతా వింది.